లెస్ పాల్: జాజ్ చెవి, రేడియో మెకానిక్ చెయ్యి

అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ, ఆవిష్కర్తల కోసం ఉన్న నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటు దక్కిన గిటార్ విద్వాంసుడు లెస్ పాల్. మొదటి గౌరవం 1988లో, రెండోది 2005లో దక్కాయి. ఆయన గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒక చేత్తో సంగీతం, ఇంకో చేత్తో ఎలక్ట్రానిక్స్ నడిపిన మనిషిగా చూపిస్తారు. కాస్త దగ్గరకెళ్ళి చూస్తే అవి రెండు పనులు కావని తెలుస్తుంది. జాజ్‌లో గిటార్ గొంతు వినిపించాలన్న పట్టుదలే ఆయన చేత సోల్డరింగ్ ఐరన్ పట్టించింది. కొన్నాళ్ళకు అదే సోల్డరింగ్ ఐరన్ ఆయన్ని జాజ్‌కు దూరంగా లాక్కెళ్ళింది కూడా. ఈ రెండో సంగతి మీద పెద్దగా చర్చ జరగదు. జరగాల్సింది అక్కడే.

1930ల నాటి స్వింగ్ బ్యాండ్, అంటే జనం నాట్యం చేసే జాజ్ వాయించే పెద్ద బృందం, అంటే ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు, పియానో, బేస్, డ్రమ్స్, అన్నీ కలిపి డజనుకు పైగా మనుషులు. వాళ్ళ మధ్య గిటార్ వాయించేవాడి పని తాళం తప్పకుండా కార్డులు, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు, కొట్టుకుంటూ పోవడమే. కౌంట్ బేసీ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో చేరి 1987లో చనిపోయేదాకా అదే పని చేశాడు, మహాద్భుతంగా చేశాడు. అయినా ఆ రికార్డుల్లో ఆయన గిటార్‌ను విడిగా పట్టుకోవాలంటే చెవులు రిక్కించాలి. జాజ్‌కు ప్రాణమేమో సోలో. మన కచేరీల్లో మనోధర్మం లాంటిదే అది. రాగానికి బదులు అక్కడ కార్డుల వరుస ఉంటుంది. దాని మీద వాయించేవాడు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు. ట్రంపెట్ ఊదేవాడు సోలోకి లేచి నిలబడితే హాలంతా మోగుతుంది. గిటార్ వాడు లేచినా వెనక వరుసకు ఏమీ చేరదు.

పారిస్‌లో జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడు దీనికి ఒక దారి వెతుక్కున్నాడు. డ్రమ్స్ లేకుండా, ఊదే వాయిద్యాలు లేకుండా వయొలిన్, మూడు గిటార్లు, బేస్‌తో బృందం కట్టాడు. లెస్ పాల్‌కు జాంగో ఆరాధ్యుడు. కానీ అమెరికన్ బ్యాండుల్లో చోటు సంపాదించాలంటే డ్రమ్స్ తీసేయమంటే ఎవరూ ఒప్పుకోరు. గిటారే గొంతు పెంచుకోవాలి.

దానికి జవాబు రేడియో వర్క్‌షాపుల నుంచి వచ్చింది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి గిటార్ తీగల కింద పెడతారు. ఉక్కు తీగ ఊగినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం చెదిరి ఆ చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకరుకు అందిస్తుంది. ఇదే పికప్. 1930ల మొదట్లో కాలిఫోర్నియాలో, తర్వాత రికెన్‌బ్యాకర్‌గా పేరుపడ్డ సంస్థ, హవాయి గిటార్లకు దీన్ని బిగించి అమ్మింది. గిబ్సన్ సంస్థ సొంత పికప్ తయారు చేసుకోవాలనుకున్నప్పుడు 1935లో పిలిపించుకున్నవాళ్ళలో అల్వినో రే ఉన్నాడు. ఆయన బ్యాండ్ నడిపిన గిటార్ విద్వాంసుడు, చిన్నప్పుడే రేడియోలు కట్టిన చెయ్యి కూడా. 1936లో గిబ్సన్ ఈఎస్-150 బయటికొచ్చింది. 1939 ఆగస్టులో చార్లీ క్రిస్టియన్ అనే ఓక్లహోమా కుర్రాడు ఆ గిటార్ పట్టుకుని బెనీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. శాక్సోఫోన్ వాయించేవాళ్ళలా ఒక్కొక్క స్వరంతో పొడుగాటి వరుసలు అల్లి, గిటార్ కూడా ముందుకొచ్చి మాట్లాడగలదని నిరూపించాడు. 1942 మార్చిలో, 25 ఏళ్ళకే, క్షయ ఆయన్ని తీసుకుపోయింది. ఆ రెండున్నరేళ్ళ తర్వాత జాజ్ గిటార్ మళ్ళీ వెనక వరుసకు వెళ్ళలేదు.

లెస్ పాల్ ఇదే సమస్యను ఇంకా చిన్న వయసులో, తన ఊళ్ళో ఎదుర్కొన్నాడు. 1915 జూన్ 9న విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషాలో పుట్టాడు. అసలు పేరు లెస్టర్ విలియం పోల్స్‌ఫస్. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ లేదు, హైస్కూలు కూడా మధ్యలోనే మానేసి 17వ ఏట రేడియో బ్యాండులో చేరిపోయాడు. అంతకుముందే ఊరి బయట రోడ్డు పక్కన ఉన్న ఒక తినుబండారాల కొట్టు దగ్గర పాడుతూ వాయించేవాడు. కార్లలో కూర్చున్నవాళ్ళకు వినబడాలని టెలిఫోన్ రిసీవర్‌ను మైకుగా మార్చి ఇంట్లో రేడియోకు కలిపాడు. పాట బాగానే వినబడుతోంది కానీ గిటార్ వినబడటం లేదని శ్రోతల్లో ఒకరు చెప్పారట. దాంతో గ్రామఫోన్ ముల్లు భాగాన్ని ఊడదీసి గిటార్ పైపలకకు గుచ్చి ఇంకో రేడియోకు కలిపాడు. ఆయన ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న కథ ఇది. చెప్పిన ప్రతిసారీ కాస్త రంగు మారి ఉండొచ్చు గానీ, దీని వెనక ఉన్న ఇబ్బంది మాత్రం నిజమైనది.

అయితే గొంతు పెరగ్గానే రెండో సమస్య మొదలవుతుంది. గిటార్ లోపల బోలుగా ఉంటుంది, పైపలక పల్చగా ఉంటుంది. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం ఆ పలకను ఊపుతుంది, పలక తీగను ఊపుతుంది, తీగ కదలిక పికప్ లోంచి మళ్ళీ స్పీకరుకే వెళ్తుంది. ఇలా తిరిగి తిరిగి, పెళ్ళి పందిట్లో మైకు కుయ్యిమన్నట్టు గిటార్ కూస్తుంది. లెస్ పాల్ గిటార్ పొట్టలో గుడ్డలు కుక్కి చూశాడు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి చూశాడు. చివరికి రెండున్నర అడుగుల రైలు పట్టా ముక్క తెచ్చి, దాని మీద ఒక తీగ బిగించి, కింద టెలిఫోన్ రిసీవర్ లోని అయస్కాంత భాగం పెట్టాడు. మీటితే ఆ నాదం ఎంతసేపటికీ ఆరలేదు.

రైలు పట్టా ఎందుకు? తీగను మీటినప్పుడు దానికిచ్చిన శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. బోలు గిటార్‌లో అది పలకకు పోయి, పలక గాలిని కదిలించి, శబ్దంగా బయటికొస్తుంది. కాబట్టి గట్టిగా మోగి తొందరగా ఆరిపోతుంది. కదలని బరువైన దిమ్మకు బిగించిన తీగ తన శక్తిని తన దగ్గరే దాచుకుంటుంది. విడిగా వింటే చప్పుడు తక్కువ, పికప్ ద్వారా వింటే నాదం నిలబడుతుంది. ఊదే వాయిద్యం వాడు ఊపిరి ఉన్నంతసేపు ఒక స్వరాన్ని పట్టుకుని ఉండగలడు. గిటార్‌కు లేనిది అదే. అంటే పాల్ వెతికింది గొంతు పెద్దది చేయడానికి మాత్రమే కాదు, స్వరం ఆయుష్షు పెంచడానికి కూడా. రైలు పట్టాను మెళ్ళో వేసుకుని వాయించలేం కాబట్టి అంత గట్టి చెక్క కోసం చూశాడు.

తెలుగువాళ్ళకు ఈ సంగతి కొత్తేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సరిగ్గా ఈ గోడ దగ్గరే నిలబడి దాన్ని దాటారు. మామూలు మాండలిన్‌లో జంట తీగలుంటాయి, మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, అందుకే గబగబా మీటుతూ స్వరం నిలిచినట్టు అనిపిస్తారు. గమకానికి అది పనికిరాదు. ఒక్క మీటులో నాదం నిలిచి వేలితో పాటు జారాలి. ఆయన జంట తీగలు వదిలేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు కూడా. జాజ్ శ్రోతలు ఆయన్ని అంత తొందరగా పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మళ్ళీ లెస్ పాల్ దగ్గరికి. 1930ల మధ్యలో షికాగో రేడియోలో ఆయనకు రెండు పేర్లుండేవి. పగలు రూబార్బ్ రెడ్ పేరుతో పల్లె పాటలు పాడేవాడు, రాత్రి లెస్ పాల్‌గా జాజ్ వాయించేవాడు. డబ్బులు మొదటి పేరుకు వచ్చేవి. జాజ్ వాయించేవాళ్ళకు ఈ రకం జీవితం మామూలే. ఆయన తర్వాతి తరంలో వెస్ మాంట్‌గోమరీ ఇండియానాపొలిస్‌లో రేడియో విడిభాగాల ఫ్యాక్టరీలో పగలంతా పనిచేసి, రాత్రంతా క్లబ్బుల్లో వాయించి, తెల్లవారి మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. 1959లో రివర్‌సైడ్ సంస్థ రికార్డు ఒప్పందం ఇచ్చేనాటికి ఆయనకు 36 ఏళ్ళు. జాజ్ చరిత్రలోనే అత్యున్నత గిటార్ విద్వాంసుల్లో ఒకడికి ఎలక్ట్రానిక్స్ అంటే ఇంట్లో పిల్లల కడుపు నింపిన కూలి. లెస్ పాల్‌కు అలా కాదు. తను వాయించాలనుకున్నది వాయించడానికి కావలసిన పనిముట్టు అది.

1940-41 ప్రాంతంలో న్యూయార్క్‌లోని ఎపిఫోన్ గిటార్ల ఫ్యాక్టరీలో, ఆదివారాలు ఎవరూ లేనప్పుడు, నాలుగంగుళాల మందం పైన్ చెక్క దిమ్మకు మెడ బిగించి, తన చేత్తో తయారుచేసిన పికప్‌లు పెట్టాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'లాగ్', అంటే దుంగ. క్లబ్బులో వాయిస్తే జనం పట్టించుకోలేదు. ఒక మామూలు గిటార్‌ను రెండుగా కోసి, ఆ ముక్కల్ని దుంగకు అటూ ఇటూ రెక్కల్లా తగిలించి మళ్ళీ వెళ్తే మెచ్చుకున్నారు. నాదం మారలేదు, కళ్ళకు కనిపించేది మారింది. అదే దుంగ తీసుకుని గిబ్సన్ వాళ్ళ దగ్గరికి వెళ్తే వాళ్ళు కూడా తిప్పి పంపారు. 1950లో ఫెండర్ సంస్థ గట్టి చెక్క గిటార్ అమ్మడం మొదలుపెట్టాక గిబ్సన్‌కు టెన్షన్ పట్టుకుంది, 1952లో 'లెస్ పాల్' పేరుతో గిటార్ విడుదల చేసింది.

ఎలక్ట్రిక్ గిటార్‌ను కనిపెట్టింది లెస్ పాల్ అని ఇంటర్నెట్‌లో తరచూ కనబడే మాట నిజం కాదు. గట్టి చెక్క గిటార్ ఆలోచన కూడా ఒక్కరిది కాదు. ఆయన పేరున్న గిబ్సన్ గిటార్‌లో ఆయన చెయ్యి ఎంత అనేదాని మీద కూడా గిబ్సన్ అధ్యక్షుడిగా ఉన్న టెడ్ మెకార్టీ చెప్పింది ఒకటి, పాల్ చెప్పింది ఇంకొకటి. ఇవన్నీ ఒప్పుకున్నా ఆయన గొప్పతనం తగ్గదు, ఎందుకంటే ఆయన అసలు పని గిటార్ కంటే రికార్డింగ్‌లో ఉంది.

అక్కడికి వెళ్ళే ముందు 1944 జులై 2 నాటి లాస్ ఏంజెలస్ కచేరీ గురించి చెప్పుకోవాలి. జాజ్ ఎట్ ద ఫిల్‌హార్మోనిక్ పేరుతో తర్వాత ఏళ్ళ తరబడి సాగిన కచేరీల్లో మొదటిది అది. గిటార్ వాయించాల్సిన ఆస్కార్ మూర్ రాలేకపోతే ఆ స్థానంలో లెస్ పాల్ వాయించాడు. పియానో మీద నాట్ కింగ్ కోల్. ఒక బ్లూస్‌లో కోల్ ఒక ముక్క విసురుతాడు, పాల్ దాన్ని గిటార్ మీద అందుకుని తిరిగి విసురుతాడు. కోల్ ఇంకొంచెం చిక్కుగా వేస్తాడు, పాల్ అదీ పట్టుకుంటాడు. జనం కేకలు రికార్డులో వినబడతాయి. అచ్చమైన సవాలు జవాబు. ఎదుటివాడు ఏం వేస్తాడో తెలియకపోవడమే అందులో మజా.

ఇది విన్నాక ఆయన 1948 నాటి రికార్డు వింటే ఇంకో లోకంలోకి వెళ్ళినట్టు ఉంటుంది. హాలీవుడ్‌లో తన గ్యారేజీలో, కాడిలాక్ కారు ఫ్లైవీల్‌తో రికార్డు కోసే యంత్రం కట్టుకుని, ఒక గిటార్ వాయించి డిస్కు మీదికి ఎక్కించాడు. ఆ డిస్కును నడుపుతూ దానితో కలిపి రెండో గిటార్ వాయించి ఇంకో డిస్కు కోశాడు. ఇలా వరసగా ఎక్కించుకుంటూ పోయాడు. కొన్ని వరసలు సగం వేగంతో రికార్డు చేసి మామూలు వేగంతో నడిపాడు కాబట్టి అవి పై స్థాయిలో, మనిషి వేళ్ళకు అందని వేగంతో వినబడ్డాయి. ఒకరే పలు వాయిద్యాలు వాయించి ఒకదాని మీద ఒకటి ఎక్కించడం ఆయనే మొదలుపెట్టలేదు. 1941లోనే జాజ్ విద్వాంసుడు సిడ్నీ బెషే ఆరు వాయిద్యాలు ఒక్కడే వాయించి రికార్డు చేశాడు. బెషే అది ఒక ప్రయోగంగా చేసి వదిలేశాడు, లెస్ పాల్ దాన్నే తన పద్ధతిగా మార్చుకున్నాడు.

1948 జనవరిలో ఓక్లహోమాలో కారు ప్రమాదం జరిగి కుడి మోచెయ్యి నుజ్జయింది. ఇక అది మడవడం, చాపడం కుదరదని డాక్టర్లు చెబితే, గిటార్ పట్టుకోవడానికి వీలైన వంపులో దాన్ని అమర్చమని అడిగాడు. ఆ తర్వాత అరవై ఏళ్ళు ఆ చేత్తోనే వాయించాడు.

1949లో గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఒక ఆంపెక్స్ టేపు యంత్రం ఇచ్చాడు. మామూలు టేపు యంత్రంలో టేపు మూడు హెడ్ల ముందు నుంచి వెళ్తుంది. మొదటిది పాత శబ్దాన్ని చెరుపుతుంది, రెండోది కొత్తది రాస్తుంది, మూడోది వినిపిస్తుంది. లెస్ పాల్ చేసింది ఒకటే: చెరిపే హెడ్‌కు ముందు ఇంకో వినిపించే హెడ్ పెట్టించాడు. దాంతో పాత శబ్దం చెరిగిపోవడానికి క్షణం ముందు యంత్రం దాన్ని చదువుతుంది. ఆయన దాన్ని హెడ్‌ఫోన్‌లో వింటూ కొత్త వరస వాయిస్తే, పాతదీ కొత్తదీ కలిసి అదే టేపు మీద పడతాయి. ఒక్క యంత్రం చాలు, హోటల్ గదిలో కూడా రికార్డు చేసుకోవచ్చు.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఆ అమరికలోనే ఉంది. పాత వరస కొత్తదాంట్లో కలిసిన క్షణంలోనే విడిగా చెరిగిపోతుంది. పదో వరసలో ఒక్క స్వరం తప్పినా పది వరసలూ పోయినట్టే, మొదటి నుంచి మొదలెట్టాలి. పైగా ఎక్కించిన ప్రతిసారీ టేపు రొద కొంత పెరుగుతుంది, మొదట వాయించినవి మసకబారుతూ పోతాయి. అందుకే ఆయన వరసల్ని తలకిందులుగా వేసుకునేవాడు: వెనకాల ఉండాల్సినవి ముందు, స్పష్టంగా వినబడాల్సిన ముఖ్యమైన స్వరాలు చివర. అంటే మొదటి వరస వాయించేటప్పటికే మొత్తం పాట మనసులో తయారై ఉండాలి. భార్య మేరీ ఫోర్డ్ గొంతును కూడా ఇలాగే వరసల మీద వరసలుగా, మైకుకు బాగా దగ్గరగా నిలబెట్టి రికార్డు చేశాడు. చెవిలో పాడినట్టుండే ఆ పద్ధతి ఇవాళ చాలా సినిమా పాటల్లో వినబడుతుంది. 1951లో వాళ్ళ 'హౌ హై ద మూన్' అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అంతకుముందు దాన్ని ఎక్కువగా వాయించుకున్నది జాజ్ వాళ్ళే.

ఇక్కడే అసలు ప్రశ్న. జాజ్ అంటే ఇంకొకరితో మాట్లాడుకోవడం అయితే, పన్నెండు గిటార్లూ తనే అయినచోట మాట్లాడేదెవరు, జవాబు చెప్పేదెవరు? కోల్ ఏం విసురుతాడో తెలియని ఆ రాత్రి టెన్షన్ గ్యారేజీలో ఉండదు. ముందు వరస వాయించిందీ తనే, వెనక వరస వాయించేదీ తనే. అప్పటి జాజ్ అభిమానుల్లో కొందరికి ఆ రికార్డులు గమ్మత్తు చేసి చూపించినట్టు అనిపించాయంటే వాళ్ళను తప్పుపట్టలేం. ఇవి జాజ్ రికార్డులు కావు. కానీ జాజ్ తెలియనివాడు చేయగలిగినవీ కావు. దిద్దుకునే వీలు లేకుండా, ఒక్క పట్టున, ముందున్న లయలోకి సరిగ్గా జారిపడేలా వాయించే ధైర్యం రాత్రంతా క్లబ్బుల్లో వాయించినవాడికే వస్తుంది.

ఆ తర్వాత వచ్చిన యంత్రం ఈ ధైర్యం అవసరాన్నే తీసేసింది. 1957లో ఆంపెక్స్ ఆయనకు ఎనిమిది ట్రాకుల, అంటే ఒకే టేపు మీద ఎనిమిది వరసలు విడివిడిగా పట్టే, యంత్రం తయారుచేసి ఇచ్చింది, సుమారు 10,000 డాలర్లు ఖరీదు. ఇందులో ఒక చిక్కు ముడి ఉండేది. రాసే హెడ్‌కూ వినిపించే హెడ్‌కూ మధ్య కొంచెం దూరం ఉంటుంది కాబట్టి, పాత ట్రాకు వింటూ వాయించిన కొత్త ట్రాకు ఆ మేరకు ఆలస్యంగా పడుతుంది. ఆంపెక్స్ ఇంజనీరు రాస్ స్నైడర్ రాసే హెడ్‌తోనే పాత ట్రాకులు వినిపించేలా చేసి దీన్ని విప్పాడు. ఇక ఏ ట్రాకుకా ట్రాకు విడిగా ఉంటుంది, తప్పు పోతే అదొక్కటే మళ్ళీ వాయించుకోవచ్చు. లెస్ పాల్ కోరికకు, స్నైడర్ తెలివికి పుట్టిన ఈ పద్ధతి మీదే తర్వాతి స్టూడియోలన్నీ నడిచాయి. కానీ ఆయన చేతికి అది వచ్చేసరికి రాక్ అండ్ రోల్ వచ్చేసింది, ఆయన హిట్ల కాలం దాటిపోయింది.

ఆయన పేరున్న గిటార్ కూడా అలాగే రాక్ వాళ్ళ ఇంటి మనిషైంది. జాజ్ వాళ్ళలో చాలామంది బోలు గిటార్లనే నమ్ముకున్నారు. గిబ్సన్ బోలు గిటార్లలో వెస్ మాంట్‌గోమరీ ఎల్-5 అనే మోడల్, జిమ్ హాల్, జో పాస్ ఈఎస్-175 అనే మోడల్ వాడారు. వాళ్ళకు కావలసింది చెక్క వాసన ఉన్న నాదం, స్వరం తొందరగా ఆరిపోయినా ఫర్వాలేదు. జాజ్ అవసరం నుంచి పుట్టిన ఆలోచనను జాజే పూర్తిగా తీసుకోలేదు. పాల్ మాత్రం తన గిటార్లలో మార్కెట్‌లో ఉన్న పికప్‌లు తీసేసి తక్కువ ఇంపిడెన్స్ (విద్యుత్ సంకేతానికి ఎదురయ్యే అడ్డు) ఉన్న పికప్‌లు పెట్టుకునేవాడు. తక్కువ చుట్లు, బలహీనమైన సంకేతం, కానీ కేబుల్ ఎంత పొడుగున్నా పై స్వరాల మెరుపు పోదు, గరగర తక్కువ. 1969 నుంచి గిబ్సన్ ఆ రకం మోడళ్ళు కూడా అమ్మింది. పెద్దగా అమ్ముడుపోలేదు. రాక్ వాళ్ళకు యాంప్లిఫయర్‌ను గట్టిగా తన్ని అరిపించే పికప్ కావాలి, ఆయనకు నిర్మలంగా, ప్రతి స్వరం విడివిడిగా వినబడే పికప్ కావాలి. వినే చెవి వేరైనప్పుడు కొలతలు కూడా వేరవుతాయి.

1980లో గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన ఎంచుకున్న దారి ఈ విశ్లేషణకంతటికీ కీలకం. ఇంట్లో ఎనిమిది ట్రాకుల యంత్రం ఉంది, తనకు తానే వంద గిటార్లు కాగల నేర్పుంది. అయినా 1984లో న్యూయార్క్‌లో ఫ్యాట్ ట్యూస్‌డేస్ అనే చిన్న క్లబ్బులో ప్రతి సోమవారం చిన్న బృందంతో వాయించడం మొదలుపెట్టాడు. 1996 నుంచి అవే సోమవారాలు ఇరిడియం క్లబ్బుకు మారాయి. కీళ్ళవాతం రెండు చేతుల వేళ్ళనూ బిగదీసింది. కుర్రతనంలో కురిపించిన స్వరాల జడివాన ఇక కుదరదు కాబట్టి, తక్కువ స్వరాలు ఎంచుకుని వాటిని నిలబెట్టి వాయించాడు. ప్రపంచం నలుమూలల నుంచి గిటార్ వాయించేవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళను వేదిక మీదికి పిలిచి, ఒక ముక్క విసిరి, ఏం తిరిగొస్తుందో చూసేవాడు. 2009 ఆగస్టు 13న 94 ఏళ్ళ వయసులో చనిపోవడానికి కొద్ది నెలల ముందు వరకు ఆ సోమవారాలు సాగాయి.